నోరు మూసుకున్న రెండు నెలలు

ఏప్రిల్ 26, శుక్రవారం

గావ్నూకి సీటు వచ్చింది! బర్క్‌లీలో! నా కూతురికి!

ఇంకోసారి రాసుకుంటాను. నా ఆఖరి కూతురు గావ్నూకి బర్క్‌లీ యూనివర్సిటీలో సీటు వచ్చింది. అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పడనీ.

పొలంలో అలసంద పాదులకి కర్రలు పాతుతున్నాను. గావ్నూ తను పనిచేసే మందుల దుకాణం నీలం చొక్కాతోనే సాళ్ళ మధ్య నడిచి వచ్చింది. "నాన్నా, ఆ సుత్తి కింద పెట్టు" అంది. ఎవరో పోయారనుకున్నాను. ఫోను చూపించింది. నాకు అంత చిన్న అక్షరాలు ఆనవు, తనే చదివింది. మూడేళ్ళు ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీలో చదివిన చదువంతా లెక్కలోకి తీసుకుని నేరుగా మూడో సంవత్సరంలో చేర్చుకుంటారట. ఇంజినీరింగ్. నీళ్ళ ఇంజినీరింగ్. కాలువలు, ఆనకట్టలు. నేను తడి మట్టిలో కూర్చుండిపోయాను. తనే నా చేయి పట్టుకుని పైకి లాగింది.

ఇంటికి వచ్చి చోవాకి చెప్పాం. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది. చేతికర్ర వదిలేసి రెండడుగులు వేసింది, చూసుకోలేదు కూడా.

నేను వెంటనే ఫోను తీశాను. గావ్నూ నా చేతిలోంచి లాక్కుంది.

"ఎవరికి?"

"ముందు మా కియా అక్కకి. తర్వాత మీ పెద్దన్నయ్యకి. తర్వాత..."

"ఎవరికీ వద్దు నాన్నా. ఇది షరతుల మీద ఇచ్చిన సీటు. ఈ టర్మ్ మార్కులు వెళ్ళాలి. ఏ సబ్జెక్టులోనూ సి కంటే తగ్గకూడదు. అన్నిటి సగటు మూడు కంటే తగ్గకూడదు. తగ్గితే వెనక్కి తీసుకుంటారు. మార్కులు చూసి వాళ్ళు ఖాయం అనేదాకా నువ్వు నోరు తెరవకూడదు. మాటివ్వు."

"నా కూతురి గురించి నేను చెప్పుకోకూడదా?"

"పంది గుర్తుందా?"

గుర్తుంది. మూడేళ్ళ కిందట దానికి హైస్కూలు అయిపోతున్నప్పుడు ఒక యూనివర్సిటీ నుంచి కవరొచ్చింది. పైన బంగారు రంగు ముద్ర ఉంది. అలాంటి ముద్ర వేసి ఎవరైనా ఉత్తినే పంపిస్తారా? సీటనుకున్నాను. పిల్ల బడి నుంచి వచ్చేదాకా ఆగలేదు. పందిని కోయించి నలభై మందిని పిలిచాను. అందరూ పిల్ల మణికట్టుకి దీవెన దారాలు కట్టారు. అందరూ తిని వెళ్ళాక కవరులోది చదివింది. మీ దరఖాస్తు మాకు అందింది అని ఉంది. ఆ దారాలు తెంపకూడదని వారం రోజులు చేతికే ఉంచుకుని, ఆ తర్వాత ఊళ్ళో కాలేజీలో చేరింది. కియా అక్క ఇప్పటికీ, "ఆ పంది నాకింకా అరగలేదురా షువా" అంటూనే ఉంటుంది.

మాటిచ్చాను. అందుకే ఈ పుస్తకం. పెద్దవాళ్ళ బడిలో ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు కొన్నది, సగం ఖాళీగానే ఉంది. దీనికి చెప్తే ఎవరికీ చెప్పినట్టు కాదు.

ఏప్రిల్ 27, శనివారం

సంతలో పక్క బల్ల రోసారియోకి చెప్పాను. కానీ లావోస్ నుంచి వెంట తెచ్చుకున్న మా మోంగ్ భాషలో చెప్పాను. ఆవిడకి స్పానిష్, కాస్త ఇంగ్లీషు తప్ప ఏమీ రావు. కాబట్టి మాట తప్పినట్టు కాదు. ఏదో ఉల్లికాడల ధర చెప్తున్నాననుకుందో ఏమో, తల ఊపి ఓ గిన్నెడు స్ట్రాబెర్రీలు ఇచ్చింది.

ఏప్రిల్ 28

ఈ రోజు ఎవరికీ చెప్పలేదు. ఏ భాషలోనూ.

మే 1, బుధవారం

వా మెంగ్ అన్నయ్య పోయాడు. మా హెర్ వంశంలో ఫ్రెస్నోకి ముందుగా వచ్చిన వాళ్ళలో ఒకడు. నాకు ఇక్కడ మొదటి ఇల్లు వెతికి పెట్టింది, ట్రాక్టరు నడపడం నేర్పింది ఆయనే. ఎనభై ఒకటి. గుండె.

ఒకే ఇంట్లో సంతోషం, దుఃఖం పక్కపక్కన కూర్చున్నాయి. రెండింట్లో ఒకటే బయటికి చెప్పుకోదగ్గది.

మే 4, శనివారం

అన్నయ్య కొడుకు టూ లూ వచ్చాడు, వెంట ఇద్దరు పెద్దలు. ఫ్యూనరల్ హాలు ఖాళీ లేదట, పద్దెనిమిది నుంచి ఇరవై దాకా దొరికింది. శని, ఆది అక్కడ, సోమవారం ఖననం.

తలకి తెల్లగుడ్డ కట్టుకుని గుమ్మంలోనే మోకరిల్లాడు. నలభై అయిదేళ్ళవాడు, పెద్ద లారీలు నడిపే మనిషి, నా ముందు నేలకి తల ఆనించాడు. ఒక్కో పనికి ఒకటి చొప్పున రెండు చిన్న గిన్నెల్లో సారా పోసి రెండు చేతులతో అందించాడు; తాగితే ఆ పని ఒప్పుకున్నట్టే.

"బాబాయ్, నాన్నకి మీరంటే ప్రాణం. మాంసం పని మీరు చూడాలి. అన్నం పని పిన్ని చెయ్యాలి. ఆవిడ చేతి అన్నమే నాన్న ముందు పెట్టాలి."

"పిన్ని మోకాలు చూశావుగా నాయనా. నిలబడలేదు."

"మరెవరన్నా ఇంట్లోంచే..."

అన్నయ్య ముఖం కళ్ళ ముందు ఆడింది. టూ లూ గిన్నె ఇంకాస్త ముందుకు చాపాడు. "మా గావ్నూ ఉంది. వాళ్ళమ్మ బదులు అది వండుతుంది. మూడు రోజులూ" అన్నాను. నా గిన్నె తాగాను, అన్నం గిన్నె కూడా తాగాను.

మంచి పనే చేశాను. అన్నయ్యకి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

మే 5

ఫ్రిజ్ మీద క్యాలెండరు చూశాను. ఇరవయ్యో తారీకు చుట్టూ ఎర్ర సున్నా ఉంది. "కాలిక్యులస్ ఫైనల్, 10–12."

మే 7, మంగళవారం

సోమవారం అంటే ఖననం రోజు. ఆ రోజు వంట ఏముంటుంది? పొద్దున ఒక వాయి, అంతే. తొమ్మిదికల్లా అయిపోతుంది. హాలు నుంచి కాలేజీకి ఇరవై నిమిషాలు. ఆలోచిస్తే ఇబ్బందే లేదు.

నిజానికి సోమవారమే పెద్ద వంట. శ్మశానం నుంచి తిరిగొచ్చే రెండు వందల మందికి వండాలి. ఆ పొద్దునే టూ లూ వాళ్ళు పనిచేసిన ప్రతి ఒక్కరినీ పేరుపేరునా పిలిచి, ముందు మోకరిల్లి కృతజ్ఞత చెప్తారు. అప్పుడు ఎవరైనా లేకపోతే పోయినవాణ్ణి అవమానించినట్టు. ఇవన్నీ నాకు తెలియనివా?

కానీ దాన్ని ముందే పిలిపించి ముందే పంపించెయ్యొచ్చు. మాట్లాడతాను. ఇంకా చాలా రోజులుంది. గావ్నూకి ఇప్పుడే చెప్పి చదువు చెడగొట్టడం ఎందుకు?

మే 8

చెప్పలేదు.

మే 9, గురువారం

కియా అక్క చెప్పింది దానికి. మందుల దుకాణానికి నొప్పుల మందు కోసం వెళ్ళి, "మూడు రోజులు అన్నం బుట్టల దగ్గర నువ్వేనటగా, మీ నాన్న గిన్నె తాగాడటగా. మంచి పనే, పిల్లలకి ఇవి రావాలి" అందట.

గావ్నూ ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండా నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"క్యాలెండరు చూడలేదా నాన్నా?"

"చూశాను. తాగాక చూశాను."

"అయిదు రోజులైంది కదా మరి."

"నీ చదువు చెడగొట్టడం ఎందుకని..."

"నువ్వు వెళ్ళి టూ లూ అన్నయ్యతో చెప్పు. పరీక్ష ఉందని చెప్పు."

"ఊళ్ళో కాలేజీ పరీక్షకి గిన్నె వెనక్కి ఇస్తారా అంటారు. బర్క్‌లీ అని చెప్తే అర్థం చేసుకుంటారు. చెప్పనా?"

నా గొంతులో కాస్త ఆశ ఉంది. అది నాకే వినపడింది. దానికీ వినపడింది.

"చెప్పు. అందరికీ చెప్పు. జూన్‌లో సీటు పోయాక ఇంకో పందిని కోద్దువుగాని."

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గిన్నె తాగి కాదన్నవాడు మా వంశంలో ఇంతవరకు లేడు. నేను మొదటివాణ్ణి కాలేను. దాని సీటు పోగొట్టినవాణ్ణీ కాలేను.

మే 12, ఆదివారం

చోవా మాట్లాడటం లేదు నాతో. కూతురితో నాకు వినపడేలా మాట్లాడుతుంది. "మీ నాన్నకి గొంతు దగ్గర తలుపు లేదే. సంతోషం వస్తే బయటికి పోతుంది, సారా వస్తే లోపలికి పోతుంది."

గావ్నూ నవ్వింది. దాని నవ్వు చూసి మూడు రోజులైంది.

తర్వాత తనే ఒక ఉపాయం చెప్పింది. శని, ఆది పూర్తిగా వండుతుందట. సోమవారం తొమ్మిదింపావుకి బయలుదేరుతుందట. "అంతకంటే ఒక్క నిమిషం ఉండను. తెలుసుకో" అంది.

"తొమ్మిదింపావు. నేను చూసుకుంటాను" అన్నాను.

మే 18, శనివారం

హాలు నిండిపోయింది. శవపేటిక దగ్గర ఖెంగ్, అదే మా వెదురు గొట్టాల వాయిద్యం, పట్టుకున్నవాడు తిరుగుతూ ఊదుతున్నాడు, డప్పు ఆగకుండా మోగుతోంది. వెనక వంటశాలలో గావ్నూ. పెద్ద పెద్ద ఆవిరి బుట్టల ముందు, నెత్తికి గుడ్డ కట్టుకుని, బియ్యం బస్తా మీద కాలిక్యులస్ పుస్తకం తెరిచి పెట్టుకుని. ఒక బుట్ట ఆవిరి పట్టేలోగా ఒక లెక్క. నేను అవతల బల్ల మీద మాంసం కోయిస్తూ చూస్తున్నాను. పెదవులు కదులుతున్నాయి దానికి. వా మెంగ్ అన్నయ్య ముందు పెట్టిన మొదటి గిన్నె అన్నం అది వండిందే. చక్కగా వచ్చింది, పొడిపొడిగా.

కియా అక్క వచ్చింది, పుస్తకం చూసింది.

"ఏమే, శవం దగ్గర కూడా చదువేనా? ఊళ్ళో కాలేజీకి మూడేళ్ళ నుంచి పోతున్నావు, అదేమన్నా కదిలే బండా, ఎక్కి కూర్చుంటే ఎక్కడికైనా చేర్చడానికి? మా చిన్న మనవరాలు చూడు, జుట్టు కత్తిరించే కోర్సు తొమ్మిది నెలల్లో చేసి దుకాణం పెట్టేసింది."

"మంచిదత్తా" అంది గావ్నూ. బుట్ట మూత తీసి ముఖం ఆవిరిలో పెట్టింది.

ఒక్క మాట. ఒకే ఒక్క మాట నా నాలుక మీద ఉంది. మూడక్షరాల ఊరి పేరు. అది అంటే అక్క నోరు పదేళ్ళు లేవదు. పక్కటెముక మీద కత్తి ఎంత గట్టిగా వేశానంటే బల్ల చెక్క లేచింది.

మే 20, సోమవారం

రాయాలి. వివరంగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

ఎనిమిదిన్నరకి హాలు ముందు కార్లన్నీ వరస పెట్టారు, శవం వెంట వెళ్ళడానికి. ప్రతి కారుకీ నారింజ రంగు జెండా తగిలించారు. గావ్నూ చిన్న కారు వరస నడుమ ఇరుక్కుంది. ముందు పద్నాలుగు, వెనక ఇరవై. అది నేను చూసుకోవలసిన పని. తొమ్మిదింపావు చూసుకుంటానన్నాను గాని, కారు ఎక్కడుందో చూసుకోలేదు, దాన్ని ముందే పిలవమని ఎవరికీ చెప్పనూ లేదు.

తొమ్మిదికి కృతజ్ఞతల వరస మొదలైంది. ఖెంగ్ వాయించినవాళ్ళు ముందు, డప్పువాళ్ళు, మాంసం పనివాళ్ళు, అన్నం వాళ్ళు ఆఖర్న. ఒక్కొక్కరి ముందూ టూ లూ, వాడి తమ్ముళ్ళు, భార్యలు మోకరిల్లి లేస్తున్నారు. తొమ్మిది ఇరవైకి ఇంకా డప్పు దగ్గరే ఉన్నారు.

గావ్నూ చేతులు కడుక్కుంది. కియా అక్క మణికట్టు పట్టేసింది.

"ఎక్కడికే?"

"పరీక్ష అత్తా. వదులు."

"శవం లేవక ముందే నువ్వు లేస్తావా? ఆ పరీక్ష ఎక్కడికి పోతుందే, వచ్చే ఏడూ అదే కాలేజీ, అదే పరీక్ష! షువా, చూడరా నీ కూతుర్ని! ఇవాళ ఇంకా గిన్నెడు అన్నం దించలేదు, పారిపోతోంది!"

హాలంతా ఇటు తిరిగింది. గావ్నూ నా వంక చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. అది గడియారం వంక చూసినట్టు చూసింది నన్ను.

నేను టూ లూ దగ్గరికి నడిచాను. వాడు ఒక డప్పువాడి ముందు నుంచి లేస్తున్నాడు. వాడి ముందు మోకరిల్లాను.

"బాబాయ్! లేవండి, లేవండి! మీరు నాకు మోకరిల్లడమేంటి?"

"లేవను. ఆ రోజు అన్నం గిన్నె తాగింది నేను. అమ్మాయిని అడగకుండా తాగాను. తప్పు నాది. దాన్ని వదిలెయ్. ఇప్పుడే వెళ్ళాలి అది. దాని పని నేను చేస్తాను, కృతజ్ఞత దానికి అక్కర్లేదు."

"ఏమైంది బాబాయ్? ఎందుకు?"

"చెప్పలేను. మాటిచ్చాను."

చుట్టూ ఎవరో నవ్వారు. ఎవరో చప్పరించారు. టూ లూ నన్ను చూశాడు. తర్వాత పేటిక వైపు చూశాడు. తెల్లగుడ్డ చివరతో ముఖం తుడుచుకున్నాడు.

"నాన్న ముందు పెట్టే అన్నం ఆగకపోతే చాలు. పోనీ, వెళ్ళనీ."

గావ్నూకి నా పొలం ట్రక్కు తాళాలు ఇచ్చాను. కూరలు దింపడానికి అది వెనక గేటు దగ్గరే ఉంది, దాని ముందు అడ్డేమీ లేదు. ఈ గొడవంతా తేలేసరికి తొమ్మిది యాభై అయింది. మెడలో గుడ్డ, పొగ వాసన, వెనక ట్రక్కులో రెండు పెట్టెల క్యాబేజీ, అలాగే వెళ్ళిపోయింది.

నేను ఆడవాళ్ళ ఆప్రాన్ కట్టుకున్నాను. మగాడు, పెద్దవాడు, అన్నం బుట్టల దగ్గర. కుర్రకారు ఫోనుల్లో ఫొటోలు తీశారు. తెడ్డుతో కలుపుతుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"అలా పొడవకు. ముద్దయిపోతుంది."

"ఎలాగో చెప్పు మరి."

"తప్పుకో." తెడ్డు లాక్కుంది. "నీ మీద జాలి కాదు. అన్నం మీద."

ఇద్దరం కలిసి ఆ రెండు వందల మందికీ వండాం.

గావ్నూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరిందట. లోపలికి రానిచ్చారు. ఆఖరి లెక్క మిగిలిపోయిందట.

మే 21

ఒకే ఒక్క లెక్క కదా.

మే 29, బుధవారం

మార్కులు వచ్చాయి. చరిత్ర ఏ. ఫిజిక్స్ బి. కాలిక్యులస్ సి. కాలిక్యులస్ పెద్ద సబ్జెక్టు, దానికి ఎక్కువ బరువట. సగటు రెండు పాయింట్ ఎనభై మూడు.

"మూడుకి దగ్గరే కదా" అన్నాను.

"మూడు కాదు కదా నాన్నా."

ఆ ఆఖరి లెక్కకి ఎన్ని మార్కులని అడిగాను. పన్నెండు. బి రావడానికి ఏడు చాలేవి. అడగకుండా ఉండాల్సింది.

మే 30

గావ్నూకి చెప్పాను, ఇప్పుడే వాళ్ళకి చెప్పొద్దని. వేల మంది పిల్లలు, ఎవరు చూస్తారు ఇంత సన్నగా? కాలేజీ వాళ్ళు పంపే కాగితాల్లో కలిసి పోతుంది. మనం నోరెత్తకుండా ఉంటే సరి.

నోరు మూసుకోవడం ఇప్పుడు నాకు బాగా వచ్చింది మరి.

మే 31, శుక్రవారం

కాలేజీలో కౌన్సెలర్ ఒర్టేగా మేడమ్ దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళింది గావ్నూ. అక్కడ తనకీ నాకూ జరిగిన మాటలు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది. ఆ చూపు చూస్తే తనకీ నా వయసు తండ్రి ఉన్నాడనిపించింది.

"వాళ్ళు చూస్తారండీ, తప్పకుండా చూస్తారు. వాళ్ళు చూసేలోపు మనమే చెప్తే ఒక లెక్క, మనం దాస్తే వాళ్ళు పట్టుకుంటే ఇంకో లెక్క. ఏం జరిగిందో రాయమనండి. ఏడుపు వద్దు. ఏం జరిగిందో అంతే."

"సీటు ఉంటుందా?"

"నేను చెప్పలేను. ఉన్నవాళ్ళని చూశాను, పోయినవాళ్ళని చూశాను."

కూరలో ఉప్పు తక్కువేశావా అని అడిగితే మా చోవా ఎప్పుడూ తిన్నగా చెప్పదు. ఈ మేడమ్ అలా కాదు. నాకు నచ్చింది, భయమూ వేసింది.

జూన్ 2, ఆదివారం

ఉత్తరం. పొద్దున్నుంచి కూర్చుంది. నాలుగు సార్లు రాసి చెరిపింది. నాకు చదివి వినిపించింది: కుటుంబంలో మరణం వల్ల పరీక్షకి ఆలస్యమయ్యాను అని.

"అది సగమే" అన్నాను.

"చాలు నాన్నా."

"చాలదు. ఎవరో పోతే ఆలస్యం ఎందుకవుతుంది, అందరిళ్ళలోనూ పోతారు. మీ నాన్న గిన్నె తాగాడని రాయి. నిన్ను అడగకుండా మూడు రోజుల వంట ఒప్పుకున్నాడని రాయి. పరీక్ష తారీకు చూసి కూడా నాలుగు రోజులు దాచాడని రాయి. కారు చూసుకోలేదని రాయి."

"అది రాస్తే నువ్వు..."

"నేనేమవుతాను? నన్ను బర్క్‌లీ వాళ్ళు ఎక్కడ చూస్తారు?"

"నాకు ఇష్టం లేదు. నిన్ను తక్కువ చేసి సీటు కాపాడుకున్నట్టుంటుంది."

"ఆ రోజు హాల్లో మోకరిల్లింది నీకోసం కాదే. నేను చేసింది దిద్దుకోవడానికి. సగం దిద్దాను. మిగతా సగం నువ్వు రాస్తే కదా."

అది తల వంచుకుంది. చాలాసేపు టైపు చేసిన చప్పుడు. చదివి వినిపించమంటే, మొదటిసారి, నాకు మొత్తం చదివింది. ఒక్క మాట వదలకుండా. అందులో ఒకచోట, "మా నాన్న తప్పు చేశారు, అందరి ముందూ ఒప్పుకున్నారు, నా పని తను చేశారు, అందువల్లే నేను పరీక్ష రాయగలిగాను" అని ఉంది. ఆ వాక్యం తీసెయ్యమన్నాను. తియ్యలేదు.

పంపించేసింది.

జూన్ 6

ఏమీ రాలేదు.

జూన్ 10, సోమవారం

టమాటాలు ఎర్రబడటం మొదలైంది. ఫోను మోగితే కోస్తున్న చేయి ఆగిపోతోంది. ఇవాళ మూడుసార్లు మోగింది. రెండుసార్లు బీమా వాళ్ళు. ఒకసారి అక్క, నా అన్నం తెడ్డు ఫొటో తన గది గోడకి అతికించానని చెప్పడానికి.

జూన్ 14

"పరిశీలనలో ఉంది" అని వచ్చింది. అంతే.

చోవా ఈ రోజు నాతో నేరుగా మాట్లాడింది. "సీటు పోతే ఏం చేస్తావు?" అంది.

"నీకు తెలుసా ఏం చెయ్యాలో?"

"తెలీదు. నువ్వు దాని ముందు ఏడవకు, అదొక్కటి తెలుసు."

జూన్ 19

గావ్నూ మందుల దుకాణంలో ఎక్కువ గంటలు అడిగింది. ఎందుకు అని అడగలేదు నేను. సీటు పోతే మళ్ళీ ఊళ్ళో కాలేజీ, అదే కాలిక్యులస్. అక్క మాట నిజమవుతుంది.

జూన్ 22, శనివారం

సంతలో రోసారియో ఏదో అడిగింది. అర్థం కాలేదు. ముఖం చూసి అడిగిందేమో. రెండు కట్టల కొత్తిమీర ఇచ్చేశాను.

జూన్ 25, మంగళవారం

ఉంది! సీటు ఉంది!

ఎలా తెలిసిందో రాస్తాను. తెల్లవారి కాకరకాయలు కోస్తున్నాను. గావ్నూ వచ్చింది, ఈసారి నీలం చొక్కా లేదు, ఇంట్లో వేసుకునే చొక్కాతో, జుట్టు దువ్వుకోకుండా. ఏమీ అనకుండా నా పక్కన కూర్చుంది మట్టిలో. నేను పోయిందనుకున్నాను. చోవా చెప్పినట్టు ఏడవకుండా ఉండటానికి కాకరకాయ గట్టిగా పట్టుకున్నాను, చిట్లిపోయింది.

"నాన్నా, కాగితం మొత్తం చదువుతాను. మధ్యలో లేవకు. ఎవరికీ ఫోను చెయ్యకు. చివరిదాకా విను."

చదివింది. మీరు వెంటనే తెలియజేసినందుకు, నిజాయితీగా రాసినందుకు, మీ పరిస్థితిని పరిశీలించాం. మీ ప్రవేశం యథాతథంగా ఉంటుంది. మొదటి టర్మ్‌లో లెక్కల సహాయ కేంద్రానికి వారం వారం వెళ్ళాలి. ఆగస్టులో రావాలి. గదులు, తేదీలు, టీకాలు. కింద ఎవరిదో సంతకం. ఆ పైన ఇంకో వాక్యం ఉంది, మీ తండ్రిగారికి మా నమస్కారాలు అని.

"ఆ చివరిది నువ్వు కల్పించావు" అన్నాను.

"కాదు నాన్నా, చూడు." వేలితో చూపించింది. నాకు ఆనలేదు. కళ్ళజోడు లేక కాదు.

"ఇంక చెప్పుకో" అంది. "ఎవరికి చెప్తావో చెప్పుకో. ఎంత గట్టిగా చెప్తావో చెప్పుకో."

మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను. ఫోను ఇంకా తియ్యలేదు. వింతగా ఉంది. ముందు వరస రాసుకుని తర్వాత తీస్తాను, ఎవరినీ మరిచిపోకూడదు.

చెప్పవలసినవాళ్ళు:

పెద్దవాడు చెంగ్, మినెసోటాలో. చెల్లెలి గురించి. ఏడుస్తాడు, వాడికీ నా గుణమే వచ్చింది.

చోవా తమ్ముడు, మెర్సెడ్‌లో. ఆయనకి చెవుడు, గట్టిగా చెప్పాలి. అది నాకు కష్టం కాదు.

నా చిన్న తమ్ముడు, ఫ్రాన్స్‌లో. అక్కడ ఎన్నింటికి లేస్తారో గావ్నూని అడగాలి.

లావోస్‌లో మా మేనమామ కూతురు, ఊళ్ళో ఫోనున్న ఇంటికి చెప్తే చాలు, మిగతాది ఊరే చూసుకుంటుంది.

చోవా చెల్లెళ్ళు ముగ్గురూ, ఒకేసారి, లేకపోతే ముందు ఎవరికి చెప్పారని ఏడాది తగువు.

కియా అక్క. గావ్నూ తనే చెప్తానంది. నేను పక్కన నిలబడొచ్చట, మాట్లాడకూడదట.

వా మెంగ్ అన్నయ్య. సమాధికి ఆదివారం వెళ్ళాలి.

టూ లూ. వాడి పేరు ఆఖర్న వచ్చిందేమిటి. ఫోను కాదు, ఇంటికి వెళ్ళాలి, గావ్నూని వెంటబెట్టుకుని, అందరికంటే ముందు. ఎందుకో నేను చెప్పలేనన్నా, ఆ రోజు దాన్ని వెళ్ళనిచ్చాడు వాడు.